ఈసారి పేపరు దిద్దేది నాన్నగారే

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. కాకినాడలో ఒక్కరే ఉంటారు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అయిదేళ్ల కిందట కళ్లలో నీటికాసులు ఉన్నాయని తేలింది. చుక్కల మందు వేసుకుంటున్నారు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కచూపు మాత్రం తగ్గిపోయింది. మొన్నమొన్నటిదాకా కరెంటు బిల్లు, గ్యాసు, పెన్షన్ లెక్క అన్నీ ఫోన్‌లో తనే చూసుకునేవారు. రెండు నెలల కిందట బ్యాంకు యాప్ మొత్తం మార్చేశారు. అప్పటి నుంచి ప్రతిదానికీ హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేస్తున్నారు. పోయిన వారం ఓటీపీ టైమ్ అయిపోయి మూడుసార్లు తిరగొట్టింది, తర్వాత రోజంతా లాక్ అయిపోయింది. ఫోన్‌లో చెప్పీ చెప్పీ నేను విసుక్కున్నాను. ‘నా బుర్ర మొద్దుబారిపోయిందమ్మా, ఇక నా వల్ల కాదు’ అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆయనకు పెద్ద అక్షరాల ఫోన్ కొనాలా? ఏ యాప్ ఆయనకు పనికొస్తుందో ముందే తెలుసుకునే మార్గం ఉందా? లేకపోతే పిన్ నా దగ్గర పెట్టుకుని అన్నీ నేనే చేసేయనా?

జవాబు: అమ్మా, ముందు మీరడిగిన మూడింటికీ సూటిగా చెప్పేస్తాను. పిన్ మీ దగ్గర పెట్టుకోవద్దు. కొత్త ఫోన్ ఇప్పుడే కొనొద్దు. ఏ యాప్ ఆయనకు పనికొస్తుందో ముందే తెలుసుకోవచ్చు. దానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, ఒక సాయంత్రం తీరిక ఉంటే చాలు.

నేను చేసే ఉద్యోగం అదే. యాప్ బయటికి రాకముందు దాన్ని మామూలు మనుషుల చేతిలో పెట్టి, పక్కన కూర్చుని, వాళ్ల వేలు ఎక్కడ ఆగుతోందో చూసి రాసుకుంటాను. ఇన్నేళ్లలో ఎక్కువసార్లు విన్న మాట మీ నాన్నగారు అన్నదే. ఏలూరులో బట్టలు కుట్టే ఒకావిడ దగ్గర కూర్చున్నప్పటి సంగతి చెప్తాను. గ్యాసు బుక్ చేసుకునే యాప్‌లో అడ్రసు మార్చాలి. ఓపిగ్గా గళ్లన్నీ నింపి అడుగున ఉన్న ‘సమర్పించు’ నొక్కింది. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కింది. ఆరుసార్లు నొక్కింది, నేను లెక్కపెట్టాను. పైన పిన్‌కోడ్ గడిలో ఒక అంకె తక్కువైంది, అంతే. ఆ విషయం ఆ గడి కిందే సన్నటి ఎర్ర అక్షరాలతో ఇంగ్లిషులో రాసి ఉంది. కానీ ఆ గడి అప్పటికే తెర దాటి పైకి వెళ్లిపోయింది. ఆవిడ కళ్లముందు ఒక్క మాటా లేదు. ఫోన్‌ని కుట్టుమిషన్ మీద బోర్లా పెట్టేసి, ‘నాకు చదువు తక్కువ కదమ్మా’ అంది. పది జాకెట్ల కొలతలు కాగితం చూడకుండా చెప్పగల మనిషి! ఆ యాప్ తయారుచేసినవాళ్లు ఒక్కరోజు ఆవిడ పక్కన కూర్చుని ఉంటే ఆ తప్పు మిగిలేది కాదు. ఆ తప్పును ఆవిడ తన చదువు మీద వేసుకుంది. మీ నాన్నగారు తన బుర్ర మీద వేసుకున్నారు.

ఇక ఆయన కళ్ల సంగతికొద్దాం. నీటికాసుల జబ్బునే గ్లకోమా అంటారు. ఇందులో చాలామందికి చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. బాగా ముదిరితే గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. అలాంటివారికి అక్షరాన్ని పెద్దది చేసేకొద్దీ ఒక చూపులో పట్టే అక్షరాలు తగ్గిపోతాయి. ‘బ్యాలెన్స్’ అని పూర్తిగా కనపడే చోట ‘బ్యా’ ఒక్కటే కనపడుతుంది. మిగతాది కళ్లు తిప్పి వెతుక్కోవాలి. రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నవారికి పెద్ద అక్షరం నిజంగా మేలు చేస్తుంది. శుక్లం ఉన్నవారికి తెల్లటి తెర వెలుగే పెద్ద ఇబ్బంది, నల్లటి తెర పెడితే హాయిగా ఉంటుంది. చూపు తగ్గిందని అందరం ఒకే మాట అంటాం గానీ, ఒకరికి మంచి చేసేది ఇంకొకరికి చెరుపు చేస్తుంది. అందుకే పెద్ద అక్షరాల ఫోన్ అన్నప్పుడు తొందరపడొద్దన్నాను. మీ నాన్నగారికి అక్షరం మరీ పెద్దది కాకుండా, ముదురు రంగులో స్పష్టంగా, ఎప్పుడూ ఒకే చోట ఉండడం ముఖ్యం కావచ్చు.

ఓటీపీ దగ్గర ఏం జరిగి ఉంటుందో ఊహించి చూడండి. మెసేజ్ తెర పైఅంచున దిగి, కాసేపట్లో మాయమైపోతుంది. ఆయన చూపు మధ్యలో ఉన్న గళ్ల మీద ఉంది. పైన వచ్చింది ఆయనకు రానట్టే. మెసేజ్‌లలోకి వెళ్లి, వెతికి, ఆరంకెలు మనసులో పెట్టుకుని తిరిగొచ్చేసరికి యాప్ మొదటి పేజీకి వెళ్లిపోయి ఉంటుంది. ‘ఓటీపీ తప్పు’ అని చెప్పే నల్లటి పట్టీ తెర అడుగున వస్తుంది. ఆండ్రాయిడ్‌లో అలాంటి పట్టీ ఉండేది 2 సెకన్లు, ఎక్కువంటే 3.5 సెకన్లు. ఒకటి పైఅంచున, ఒకటి కిందిఅంచున, రెండూ ఆయనకు చూపు ఆనని చోటే. పాత యాప్‌లో ఏది ఎక్కడుందో ఆయన చేతికి అలవాటైపోయింది కాబట్టి నెట్టుకొచ్చారు. కొత్తది ఆ అలవాటునంతా చెరిపేసింది. నేను ఆయన్ను చూడలేదు కాబట్టి ఇది ఊహే. నిజమో కాదో తేల్చగలిగింది మీరే.

ఈసారి కాకినాడ వెళ్లినప్పుడు, ఆయన రోజూ కూర్చునే కుర్చీలోనే, ఆయన ఫోన్‌తోనే మొదలుపెట్టండి. ఒక తెల్లకాగితం, ఎర్ర పెన్ను ఆయన చేతికివ్వండి. ‘నాన్నగారూ, ఈ యాప్ పేపరు రాసింది, మీరు దిద్దాలి’ అని చెప్పండి. ఇది ఆయన్ను ఊరుకోబెట్టడానికి చెప్పే మాట అనుకోకండి. జరగబోయేది అచ్చంగా అదే.

పని చెప్పండి, దారి చెప్పొద్దు. ‘ఆ మూడు గీతలు నొక్కండి’ అనకుండా ‘పోయిన నెల పెన్షన్ ఏ తేదీన పడిందో చూడండి’ అనండి. యాప్‌లో ‘స్టేట్‌మెంట్’ అని రాసి ఉంటే ఆ మాట మీ నోట రాకూడదు. వచ్చిందంటే ఆయన ఆ అక్షరాల కోసమే వెతుకుతారు, మీకు తెలియాల్సింది తెలియకుండా పోతుంది. ఆ తర్వాత ఏమీ మాట్లాడకుండా కూర్చోవాలి. అన్నిటికంటే కష్టం ఇదే. మీ చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది, ఒళ్లో పెట్టుకోండి. ఆయన ఆగిపోతే నిండుగా ఒక నిమిషం ఆగండి. అప్పుడు కూడా చూపించకండి, ‘ఇప్పుడేం వెతుకుతున్నారు నాన్నగారూ?’ అని మాత్రం అడగండి. ఒకసారి నేనిలా అడిగితే ఒక పెద్దాయన, ‘వెనక్కి వెళ్లే దారి చూస్తున్నానమ్మా, ఇది నొక్కితే డబ్బులు పోతాయేమోనని’ అన్నారు. అప్పటికే నేను నా నోట్‌బుక్‌లో ‘బటన్ కనపడలేదు’ అని రాసేసుకున్నాను. బటన్ ఆయనకు బాగానే కనపడింది. నొక్కితే ఏమవుతుందో దాని మీద రాసి లేదు కాబట్టి ధైర్యం చాలలేదు.

మీరు రాసుకోవాల్సింది కొంచెమే. ఎక్కడ ఆగారు, ఏది పొరపాటున నొక్కారు, పని అయిపోయిందని ఆయనకు ఎలా తెలిసింది. చివరిది చాలామంది వదిలేస్తారు. బిల్లు కట్టేశాక ఆయన మళ్లీ వెనక్కి వెళ్లి బ్యాలెన్స్ చూసుకుంటున్నారంటే, డబ్బు చేరిందో లేదో యాప్ గట్టిగా చెప్పలేదన్నమాట. జరుగుతున్నది మనిషికి ఎప్పటికప్పుడు తెలియజేయాలన్నది ఈ రంగంలో పెద్ద పేరున్న జేకబ్ నీల్సన్ 1994లో చెప్పిన పది సూత్రాల్లో మొట్టమొదటిది. అది తప్పిన చోటే రెండుసార్లు బిల్లు కట్టేయడాలు, ‘పోయిందా, ఉందా’ అన్న టెన్షన్ మొదలవుతాయి. వీలైతే ఆయనతో వాకింగ్‌కు వచ్చే స్నేహితులు ఒకరిద్దరి చేత కూడా అదే పని చేయించండి. ముగ్గురూ ఒకేచోట ఆగితే ఆ తప్పు ఎవరిదో ఇక వాదన ఉండదు, నాన్నగారికి కూడా.

అన్నీ అయ్యాక పదికి ఎన్ని మార్కులేస్తారో, ఎక్కడ కోత పెట్టారో ఆయన్నే రాయమనండి. ఆ కాగితం దాచండి, దానితో పనుంది.

ఆయన చేతిలో పెట్టకముందే మీరు హైదరాబాద్‌లో కూర్చుని చూడదగినవి కొన్ని ఉన్నాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు చివరిదాకా జరిపి యాప్ తెరవండి. ఆండ్రాయిడ్ 14 నుంచి అది 200 శాతం దాకా పెరుగుతుంది. వెబ్‌సైట్‌లు, యాప్‌లు అందరూ వాడగలిగేలా ఉండడానికి ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణం కూడా 200 శాతానికి పెంచినా ఏదీ పోకూడదనే అంటుంది. డబ్బు పంపే బటన్ తెర అవతలికి జారిపోయి, ఎంత జరిపినా రాకపోతే ఆ యాప్‌ను అక్కడితో పక్కన పెట్టేయండి. మీ నాన్నగారికి అంత సైజు అవసరం లేకపోయినా, కొద్దిగా పెంచితే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇదే పని తెలుగు పెట్టి కూడా చేయండి. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లిషు అక్షరం ఎత్తుకు కొలిచి చేసిన బటన్‌లో మన వత్తు అడుగున తెగిపోతుంది. ‘చెల్లింపు’ కాస్తా ‘చెలింపు’ అయిపోయిన తెరలు ఎన్ని చూశానో. ఇంకో చిక్కు, చాలా యాప్‌లలో తెలుగు పైపైనే ఉంటుంది. మెనూ తెలుగులో ఉంటుంది, తప్పు జరిగినప్పుడు వచ్చే మాట మాత్రం ఇంగ్లిషులో వస్తుంది. మనిషికి తన భాష నిజంగా కావలసింది ఆ క్షణంలోనే. కావాలనే ఒక మొబైల్ నంబరు తొమ్మిదంకెలు కొట్టి చూడండి, ఏ భాషలో, ఎక్కడ, ఎంతసేపు చెప్తుందో. పిన్ దగ్గర మాత్రం ఈ ప్రయోగం వద్దు, మళ్లీ లాక్ అవుతుంది. అయితే మాస్టారుగారికి ‘బ్యాలెన్స్’, ‘ట్రాన్స్‌ఫర్’ అలవాటై ఉంటే, ‘నిల్వను వీక్షించండి’ అన్న తెలుగే కష్టంగా ఉండొచ్చు. ఏ భాష పెట్టాలో మీరు నిర్ణయించకండి, ఆయన్ను అడగండి.

తెరను నలుపు తెలుపుల్లోకి మార్చి చూడడం కూడా మంచి పరీక్షే. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో రంగుల సవరణ దగ్గర ఉంటుంది. పాత బ్లాక్ అండ్ వైట్ టీవీలా అయిపోయిన తెర మీద, జమ ఏదో ఖర్చు ఏదో గుర్తుపట్టగలిగితే సరే. ఎరుపు ఆకుపచ్చ తేడాతో మాత్రమే చెప్పిన యాప్ అయితే రెండూ ఒకేలా బూడిదరంగులో ఉంటాయి.

టాక్‌బ్యాక్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్తాను. తెర మీద ఉన్నదాన్ని ఫోనే చదివి వినిపించే సదుపాయం ఇది, ఆండ్రాయిడ్ ఫోన్‌లలో ఉచితంగా ఉంటుంది. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ అంటారు. పుట్టుకతో చూపులేని ఒక సహోద్యోగి దగ్గర నేను ఇది నేర్చుకున్నాను. మొదటిరోజు ఆయన ఫోన్ తెర ఆపేసి, బల్ల మీద పెట్టి, ఒక షాపింగ్ యాప్ తెరిచారు. వేలితో కుడివైపుకు జరుపుతూ పోతుంటే ఫోన్ చదువుతోంది. ‘బటన్. బటన్. పేరు లేని బటన్. బటన్.’ ‘వీటిలో ఒకటి కొనేది, ఒకటి తీసేసేది. ఏది ఏదో చెప్పండి’ అన్నారు. నేను చెప్పలేకపోయాను. బొమ్మ గీసి, దాని వెనక పేరు రాయడం మర్చిపోయిన బటన్లవి. పేరు రాయడం ప్రోగ్రామర్‌కు ఒక్క వరుస పని. ఆ వరుస లేకపోతే ఆయనకు ఆ కొట్టు మూసి ఉన్నట్టే.

మీరు ప్రయత్నించే ముందు వాల్యూమ్ బటన్లు రెండూ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్ ఆగేలా షార్ట్‌కట్ పెట్టుకోండి. లేకపోతే బయటికి రావడం తెలియక కంగారుపడతారు, ఎందుకంటే అది నడుస్తున్నప్పుడు ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే పని జరుగుతుంది. గూగుల్ గొంతుల్లో తెలుగు కూడా ఉంది. ఆ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూసే దాకా కళ్లు మూసుకుని వెళ్లగలరేమో చూడండి. నాన్నగారికి ఎదురుచూపు బాగానే ఉంది కదా, ఇదెందుకు అంటారేమో. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. మందు సరిగ్గా వేసుకుంటే ఉన్నది నిలబెట్టుకోవచ్చు. చూపు ఉండగానే చెవితో చదవడం అలవాటైతే ఆయనకు ధీమాగా ఉంటుంది. పైగా అంచున వచ్చే పట్టీని కన్ను పట్టుకోకపోయినా చెవి పట్టుకుంటుంది.

ఇంత వివరంగా చూసే ఓపిక లేనప్పుడు గూగుల్ వాళ్ల యాక్సెసిబిలిటీ స్కానర్ అనే ఉచిత యాప్ ఉంది. తెర మీద దాన్ని నడిపితే పేరు లేని బటన్లు, మరీ చిన్న బటన్లు, వెలిసినట్టున్న అక్షరాలు గీత గీసి చూపిస్తుంది. అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ చెప్తుంది. బటన్ దాదాపు 9 మిల్లీమీటర్లు, అంటే వేలికొనంత ఉండాలని ఆండ్రాయిడ్ సలహా. బ్యాంకుకు రాసేటప్పుడు ‘కనపడటం లేదు’ అనడం కంటే ఈ అంకెలు వేసి రాస్తే వాళ్లు పక్కకు పెట్టలేరు.

రాయడం తప్పనిసరి అంటాను నేను. ఇది దయగా అడిగే విషయం కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఫోన్‌లు, యాప్‌లు, వెబ్‌సైట్‌లు అందరికీ పనికొచ్చేలా ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 17802ను 2023లో ఆ చట్టం నిబంధనల్లో చేర్చారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ఖాతాదారు ఎవరో నిర్ధారించుకునే కేవైసీ కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పమంటే, యాసిడ్ దాడిలో ముఖం, కళ్లు దెబ్బతిన్నవారు ఎలా ఆర్పగలరు? చూపులేని వ్యక్తి ఎక్కడ చూసి ఆర్పాలి? ఆ కేసుల్లో తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. యాప్‌లు తయారుచేసేటప్పుడే చూపులేనివారిచేత వాడించి చూడాలన్నది వాటిలో ఒకటి. మీరు కాకినాడలో నాన్నగారితో చేయబోయే పని, బ్యాంకు ముందే చేయాల్సింది.

ఫిర్యాదులో ఫోన్ మోడల్, యాప్ వెర్షన్, ఏ పని చేస్తుంటే ఏ తెర మీద ఏం జరిగిందో వరసగా రాయండి. బ్యాంకు యాప్‌లు స్క్రీన్‌షాట్ చాలావరకు తీయనివ్వవు కాబట్టి ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి, పిన్ కొట్టేటప్పుడు ఆపేయండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. వికలాంగుల చీఫ్ కమిషనర్‌కు కూడా రాయొచ్చు. నాన్నగారి పక్కచూపు పరీక్ష రిపోర్టు ఒకసారి తీసి చూడండి. చూపు పరిధి 40 డిగ్రీల కంటే తగ్గితే చట్టం దాన్ని వైకల్యంగా గుర్తిస్తుంది, వైకల్యానికి గుర్తింపుగా ఇచ్చే యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయొచ్చు. విశాఖపట్నం, హైదరాబాద్‌లలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రుల్లో చూపు తగ్గినవారికి ఉన్న చూపుతోనే పనులు చేసుకోవడం నేర్పే విభాగాలున్నాయి. ఫోన్ సెట్టింగ్స్ కూడా అక్కడ అడగొచ్చు.

అప్పటిదాకా రోజులు గడవాలి కదా. బ్యాలెన్స్ కోసం బ్యాంకు మిస్డ్ కాల్ సేవ ఉంటే దాన్ని వాడమనండి, తెరతో పనే లేదు. బిల్లులు మీరు కట్టాలనుకుంటే యూపీఐ సర్కిల్ అనే పద్ధతి 2024లో వచ్చింది. ఆయన ఖాతా నుంచి చెల్లించడానికి ఆయన మీకు అనుమతి ఇవ్వొచ్చు. ప్రతి చెల్లింపూ ఆయన పిన్‌తో ఒప్పుకుంటేనే జరిగేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకు 15,000 రూపాయల లోపు హద్దు పెట్టి వదిలేయొచ్చు. ఆయన వాడే యాప్‌లో అది ఉందేమో చూడండి. పిన్ తీసేసుకోవడానికీ దీనికీ ఆయన మనసులో చాలా తేడా ఉంటుంది. ఒకదానిలో ఆయన ఇచ్చేవారు, ఇంకోదానిలో ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నట్టు.

కాకినాడ వెళ్లేదాకా ఆగకుండా ఈరోజే ఆయనకు ఫోన్ చేయండి. ఓటీపీ పైన వచ్చిందా, కింద పట్టీ కనపడిందా అని అడగండి. ‘అసలు రాలేదమ్మా’ అంటే, నేను విసుక్కోవాల్సింది మీ మీద కాదు నాన్నగారూ అని చెప్పండి. ఆయన ఎర్ర పెన్నుతో మార్కులేసిన ఆ కాగితాన్ని ఫోటో తీసి బ్యాంకుకు పంపే మెయిల్‌కు జత చేయండి. అడుగున ఆయన్నే సంతకం పెట్టమనండి, లెక్కల మాస్టారు, రిటైర్డ్ అని రాసి మరీ.